చెవి మిషన్‌తో ఆరేళ్లు

2019లో కొన్నాను, చెవి వెనుక పెట్టుకునే రకం. అప్పుడు కాకినాడలో మూడో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. ఇంట్లో మావారు పప్పు అడిగితే కప్పు తెచ్చేదాన్ని. దానికి అందరూ పరధ్యానం అని పేరు పెట్టారు, నేనూ అదే అనుకున్నాను. ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష గీత) తీయించాక తేలింది: బొంగురు శబ్దాలు బాగానే వినిపిస్తున్నాయి, కీచు శబ్దాల దగ్గర మాత్రం గీత 55 డెసిబెల్స్‌కు దిగిపోయింది, అంత గట్టిగా ఉంటేగానీ వినిపించవన్నమాట. అచ్చులు చెవిన పడేవి, ప, క, స లాంటివి జారిపోయేవి. ఎవరో మాట్లాడుతున్నారని తెలిసేది, ఏమన్నారో తెలిసేది కాదు.

మొదటి షాపులో ‘ఇంట్లో ఉండే ఆడవాళ్లకు ఒకటి చాలమ్మా’ అన్నారు. ఉద్యోగం చేస్తున్నానని చెప్పినా అదే మాట. మూడు నెలలు ఒక చెవితో నెట్టుకొచ్చాను. తరగతిలో ఎవరు పిలిచినా ఏ వైపు నుంచో తెలియక బొంగరంలా తిరిగేదాన్ని. రెండోది కొన్నాకే కుదురుకుంది.

మొదటి వారం నరకం. స్టీలు గిన్నెలు నెత్తి మీద పడ్డట్టుండేవి, నా గాజుల చప్పుడు నాకే కొత్త. మూడుసార్లు వెళ్లి సర్దించుకున్నాను. నెల తిరిగేసరికి సాయంత్రపు తలనొప్పి తగ్గింది. పిల్లల పెదాలు చూస్తూ సగం మాట పట్టుకుని, మిగతా సగం ఊహించుకునే చాకిరీకే అంత అలిసిపోయేదాన్నని అప్పుడు అర్థమైంది. మానేసిన పేరంటాలకు మళ్లీ వెళ్తున్నాను.

ఇది పెట్టుకుంటే మతిమరుపు రాదని అమ్మేవాళ్లు చెబుతారు. అంత నమ్మకండి. 2023లో వెలువడిన అమెరికా పరిశోధనలో, 70 దాటినవాళ్లందరినీ కలిపి చూస్తే మిషన్ ఇచ్చినవాళ్లకూ ఇవ్వనివాళ్లకూ మూడేళ్లకు తేడా కనిపించలేదు. మతిమరుపు ముప్పు ఎక్కువున్న వాళ్లలో మాత్రం జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి తగ్గడం దాదాపు సగానికి నెమ్మదించింది. నేను కొన్నది అందుకు కాదు, తలనొప్పి పోయింది, అది చాలు.

ఇక తయారుచేసినవాళ్ల మీద నా కోపం. చెవి వెనుక కళ్లజోడు కాడ, పైన మాటీలు, పక్కన మల్లెపూలు. వీటన్నిటి మధ్య ఇది ఎక్కడ కూర్చోవాలి? పూలు సర్దుకోబోతే చెయ్యి దగ్గరపడి కీచుమంటుంది. కరోనా రోజుల్లో మాస్కు తీసినప్పుడల్లా దాంతోపాటు ఊడి వచ్చేది, ఒకసారి బడి మెట్ల మీద పడి దొర్లింది. పొయ్యి దగ్గర చెమటకు మొరాయిస్తుంది, రాత్రి తేమ పీల్చే సిలికా జెల్ డబ్బాలో పెడితేనే పొద్దున పలుకుతుంది. 312 నంబరు బ్యాటరీ నాకు వారం వస్తుంది. గోధుమరంగు స్టిక్కరు పీకాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి మూత వేయాలి. ముందే పీకి దాచుకుంటే వాడకుండానే అయిపోతుంది. పెళ్లిమండపంలో మాత్రం దండగ, బ్యాండు మేళం మధ్య పక్కవాళ్ల మాట పట్టుకోలేదు.

ఇప్పుడు కుడి మిషన్ మూత వదులైంది. ఛార్జింగ్ రకం చూస్తున్నాను. ఈసారి మాటీలు, కళ్లజోడు పెట్టుకుని, జడలో పూలతోనే షాపుకు వెళ్తాను.