గింజలతో తీరే అప్పు: జహీరాబాద్ డీడీఎస్ పనిపై సమీక్ష

పేదరిక నిర్మూలన పేరుతో పనిచేసే ఏ సంస్థ గురించి విన్నా నేను ముందు తెలుసుకోవాలనుకునేది, ఊళ్లో పేదలెవరో తేల్చేది ఎవరన్నదే. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్)కి నేను అధిక మార్కులు వేయడానికి మొదటి కారణం అక్కడే ఉంది. ఈ సంస్థ పనిచేసిన ఊళ్లలో నేల మీద ఊరి పటం గీసి, ఏ ఇంట్లో ఏడాదికి ఎన్నాళ్లు తిండికి కటకటగా ఉంటుందో చెప్పింది ఆ ఊరి వాళ్లే.

సంస్థ పుట్టిన 1983లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలైంది. ఆ బియ్యం ఎన్నో ఇళ్లను పస్తుల నుంచి కాపాడిందన్న మాట నిజమే అయినా, జొన్న, కొర్ర, సామ పండే వానాధార నేలలకు ఆ పథకంలో చోటు లేకపోయింది. దీనికి సమాధానంగా 1990ల నడుమ ఈ సంస్థతో కలిసి పనిచేసే ఊరి మహిళా సంఘాలు నడిపిన ప్రత్యామ్నాయ ప్రజాపంపిణీ వ్యవస్థను ఈ సంస్థ పనులన్నిటిలో అత్యుత్తమమైనదిగా నేను భావిస్తున్నాను. బీడు పడిన చెలకలున్న చిన్న రైతులకు దున్నకానికీ, ఎరువుకూ, విత్తనానికీ అప్పు ఇచ్చి, ఆ అప్పును రూపాయల్లో కాక జొన్నల రూపంలో కొన్నేళ్ల పాటు వసూలు చేసి, ఆ గింజలను ఊళ్లోనే నిల్వ చేసి, పనులు దొరకని రోజుల్లో అతి పేద ఇళ్లకు తక్కువ ధరకు అందించారు. బీడు సాగులోకి వచ్చింది, కూలి దొరికింది, పశువులకు చొప్ప మిగిలింది. తిండిగింజలు ఊరు దాటిపోలేదు.

విత్తనం విషయంలోనూ ఇదే పద్ధతి. బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాచిన విత్తనాన్ని అప్పుగా తీసుకున్నవారు పంట చేతికి వచ్చాక అంతకంటే ఎక్కువగా తిరిగి కొలుస్తారు. ఈ బుట్టల బాధ్యత మోసేవారిలో ఎక్కువమంది దళిత మహిళలు. ఒకప్పుడు గింజల కోసం ఆసామి గడప ముందు నిలబడిన వాళ్లింటికే ఇప్పుడు విత్తనం అడుగుతూ ఇతరులు వస్తున్నారంటే, ఆ మార్పును ఆదాయపు లెక్కల్లో మాత్రమే కొలవలేము. మాచనూరులో 2008లో మొదలైన ‘సంఘం రేడియో’ అనే సామాజిక రేడియోను నడుపుతున్నదీ ఈ మహిళలే. సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది.

లోటు కూడా చెప్పాలి. కొర్రలు, సామలు దంచి బియ్యం చేసే శ్రమ ఇప్పటికీ ఆడవాళ్ల భుజాల మీదే ఎక్కువగా పడుతోంది. ఊరూరా చిన్న మరలు అందితే తప్ప తర్వాతి తరం ఈ పంటలను ఇష్టంగా చేపడుతుందని నేను అనుకోను. సెంటు భూమి కూడా లేని కుటుంబానికి ఈ నమూనా ఇవ్వగలిగేది తక్కువే. సంస్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీష్ 2023 మార్చిలో, అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం నడుస్తుండగానే కన్నుమూశారు; సంఘాల చేతుల్లోకి పూర్తిగా వెళ్లిన పనులే ఆయన తర్వాత నిలుస్తాయని నా నమ్మకం.

చూడదలచినవారు సంక్రాంతి నాటికి వెళ్లడం మంచిది. పాత పంటల జాతర అప్పుడే మొదలవుతుంది. అలంకరించిన ఎడ్లబండ్లపై విత్తనాల బుట్టలు ఊరి నుంచి ఊరికి సాగుతుంటాయి. ఏ గింజ ఏ నేలలో ఎన్ని వానలకు పండుతుందో బండి పక్కన నడిచే ఏ అమ్మను అడిగినా చెబుతుంది.