ఎడమచేతి పిల్లల కత్తెర: రెండు నెలలు వాడాక నా మాట

మా అమ్మాయికి నాలుగున్నరేళ్లు. ఎడమచేతి వాటం. కత్తెర ఇచ్చిన ప్రతిసారీ కాగితం తెగేది కాదు, రెండు బ్లేడ్ల మధ్య మడతపడిపోయేది. కాసేపు తంటాలు పడి, "అమ్మా, నాకు రాదు, నువ్వే కత్తిరించు" అని కత్తెర నా ఒళ్లో పడేసేది. వేళ్లకు ఇంకా పట్టు రాలేదేమో అనుకుంటూ ఆర్నెల్లు గడిపేశాను. లోపం దాని చేతిలో కాదు, నేనిచ్చిన కత్తెరలో ఉందని తెలిసిన రోజు మనసు చివుక్కుమంది.

మామూలు కత్తెరను కుడిచేత్తో పట్టుకుంటే, వేళ్లు నొక్కే తీరుకు బ్లేడ్లు ఒకదానికొకటి గట్టిగా ఒరుసుకుంటాయి. అందుకే కాగితం తెగుతుంది. అదే కత్తెర ఎడమచేతిలోకి వస్తే ఆ నొక్కుడే బ్లేడ్లను దూరం చేస్తుంది, ఆ సందులో కాగితం మడతపడుతుంది. పైగా గీసిన గీతకు పై బ్లేడు అడ్డం వస్తుంది. ఎక్కడ కోస్తోందో బిడ్డకు కనిపించనే కనిపించదు.

మొదట 'రెండు చేతులకూ పనికొస్తుంది' అని రాసి ఉన్నది కొన్నాను. పిడి మాత్రమే రెండు చేతులకూ సరిపోయింది, బ్లేడ్లు కుడిచేతివే. మళ్లీ అదే మడత, మళ్లీ అవే కన్నీళ్లు. కాబట్టి పెట్టె మీద రాసింది నమ్మకండి. కత్తిరించేటప్పటిలాగే మొనలు అవతలికి పెట్టి పట్టుకుని చూడండి. పై బ్లేడు ఎడమవైపు ఉంటేనే అది ఎడమచేతి కత్తెర.

ఇప్పుడు వాడుతున్నది నిజంగా ఎడమచేతిది. సుమారు 13 సెంటీమీటర్ల పొడవు, గుండ్రటి మొనలు, స్టీలు బ్లేడ్లు. కాగితంతో మొదలుపెట్టలేదు. రెండు కప్పుల మైదా, ఒక కప్పు ఉప్పు కలిపి, కప్పు నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ ముద్ద చేశాను. దాన్ని పాముల్లా పొడుగ్గా చేసి ఇస్తే టక్ టక్ మని ముక్కలు చేసింది. ఆ మెత్తదనానికి చేతిలో భయం పోయింది. (నోట్లో పెట్టుకోకుండా చూసుకోవాలి, ఉప్పు చాలా ఎక్కువ.) తర్వాత పాత స్ట్రాలు ముక్కలు చేసి షూ లేసుకు గుచ్చి దండ చేసింది. ఆ ముక్కలు చిన్నవి, ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే ఈ పని వద్దు. ఆ తర్వాతే కాగితం. పల్చటి న్యూస్‌పేపర్ వంగిపోతుంది, పాత గ్రీటింగ్ కార్డుల్లాంటి మందపాటిదే సులువు.

నాకు బాగా గుర్తుండిపోయింది చుట్టల పాము. గుండ్రటి కాగితం మీద బయటి అంచు నుంచి మధ్యకు చుట్టలా గీత గీసి, దాని వెంట కత్తిరిస్తే వేలాడే పాము వస్తుంది. కొత్త కత్తెరతో కూడా తడబడుతుంటే కంగారు పడ్డాను. తీరా చూస్తే గీత గీసింది నేను, నా కుడిచేతి అలవాటులో. ఎడమచేతి వాళ్లకు గడియారం ముల్లు తిరిగే వైపు కోయడమే సులువట. ఇంకో కాగితం మీద గీతను అటువైపు తిప్పి గీసిచ్చాను. కత్తెర ఆగకుండా మధ్యదాకా వెళ్లింది. పాము పూర్తిగా విడివడి కిందికి జారేసరికి మా అమ్మాయి కళ్లు చూడాలి!

లోటుపాట్లూ ఉన్నాయి. బ్లేడ్లకు తొడుగు ఇవ్వలేదు, పాత సాక్సు ముక్కతో నేనే కుట్టాను. పార్సిల్ అట్టపెట్టెలు దీనికి లొంగవు, అవి పెద్దవాళ్లే కోసివ్వాలి. కుడిచేతివాళ్లు తీసి వాడకుండా పిడికి ఎర్ర దారం చుట్టాను. నేను ఒకసారి నా కుడిచేత్తో వాడి చూశాను, నాకూ కాగితం మడతపడింది. దాని ఆర్నెల్ల కష్టం అప్పుడు నా చేతికి తెలిసింది.

ఐదుకు నాలుగున్నర స్టార్లు ఇస్తాను, ఆ అర తగ్గించింది తొడుగు కోసం. పాము ఇప్పుడు కిటికీ దగ్గర దారానికి వేలాడుతోంది, గాలి తగిలినప్పుడల్లా తిరుగుతోంది. ఇంటికి ఎవరొచ్చినా "నేనే కత్తిరించాను" అని చూపిస్తోంది మా అమ్మాయి.