రోజుకు రెండు గడుల మాత్రల డబ్బా: నాలుగేళ్ల వాడకం తరువాత

ఈ డబ్బాను కొన్నది ఒకే ఒక్క సందేహం పీడించడం వల్ల: పొద్దున మాత్ర వేసుకున్నానా, లేదా? నేను 2009 నుంచి హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు వాడుతున్నాను, ఇప్పుడు యాభై దాటాయి. పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోవడం ఎవరికైనా జరిగేదే కానీ, హెచ్‌ఐవీ ఉన్న మనిషికి అలాంటి మరపు వచ్చినప్పుడు పుట్టే భయం వేరు. ఈ వైరస్ సోకిన తొలి వారాల్లోనే మెదడుకు చేరుతుందనీ, మందులతో అదుపులో ఉన్నా కొందరిలో ఏకాగ్రత, జ్ఞాపకశక్తి కొద్దిగా మందగించవచ్చనీ మందులు ఇచ్చే మా ఏఆర్‌టీ కేంద్రంలోని వైద్యురాలు ఎప్పుడో చెప్పిన మాట ఆ రోజుల్లో రాత్రిళ్లు గుర్తుకు వచ్చేది.

డబ్బా ఆ సందేహాన్ని తీర్చింది. మంగళవారం ఉదయం గడి ఖాళీగా ఉంటే వేసుకున్నట్టు, మాత్ర కనిపిస్తే వేసుకోనట్టు. జ్ఞాపకంతో పని లేదు. అంతకన్నా నాకు నచ్చింది మరొకటి ఉంది. నా హెచ్‌ఐవీ మందు టీఎల్‌డీ, అంటే మూడు మందులు కలిసిన ఒకే మాత్ర. టీఎల్‌డీ సీసా మీద మందుల పేర్లన్నీ అచ్చై ఉంటాయి, డబ్బా మీద ఏమీ ఉండదు. ఇంటికి వచ్చిన చుట్టాలకు అది బీపీ మాత్రల డబ్బాయే. పేరు లేని ఆ గడులు నాకిచ్చినంత నిశ్చింత హెచ్‌ఐవీ ఉన్నవారిపై వివక్షను నిషేధిస్తూ 2017లో వచ్చిన చట్టం కూడా ఇవ్వలేదంటే అతిశయోక్తి కాదు.

ఆ నిశ్చింతే నన్ను తప్పుదోవ పట్టించింది. రెండేళ్ల క్రితం మోకాళ్ల నొప్పులకు ఒక ప్రైవేటు వైద్యుని దగ్గరకు వెళ్లాను. ఏయే మందులు వాడుతున్నారని అడిగితే డబ్బా మూత తెరిచి చూపించి, బీపీ మాత్ర, మిగిలినవి విటమిన్లు అన్నాను. ఆయన తలూపి, రోజుకొక క్యాల్షియం మాత్ర రాశారు. దాన్ని తెచ్చి ఉదయం గడిలో, టీఎల్‌డీ పక్కనే వేశాను. రాత్రి వేసుకుంటే నాకు నిద్ర సరిగా పట్టడం లేదని టీఎల్‌డీని అప్పటికే పరగడుపుకు మార్చుకుని ఉన్నాను. ఆ విధంగా ఐదు నెలల పాటు ఖాళీ కడుపుతో రెండింటినీ కలిపి, ఒక్క రోజైనా తప్పకుండా మింగాను. టీఎల్‌డీలోని డోల్యుటెగ్రవిర్‌ను క్యాల్షియం కడుపులోనే పట్టి ఉంచుతుందనీ, అందువల్ల ఒంటికి అందవలసిన మందు తగ్గుతుందనీ, క్యాల్షియానికి రెండు గంటల ముందు గానీ ఆరు గంటల తరువాత గానీ టీఎల్‌డీ వేసుకోవాలనీ, కలిపి వేసుకోక తప్పకపోతే భోజనంతో పాటు వేసుకోవాలనీ నాకు తెలియదు. తెలిసినవారికి నేను చెప్పలేదు. నెలవారీ మందుల కోసం వెళ్లినప్పుడు డబ్బా చేతి సంచిలో ఉండబట్టి, మా ఫార్మసిస్టు చూసి "ఈ పెద్ద మాత్ర మనది కాదే, ఏమిటండీ ఇది?" అని అడగబట్టి బయటపడింది. తరువాత చేయించిన వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనిపించనంత తక్కువగానే ఉండడం నా అదృష్టం. అది డబ్బా గొప్పతనం మాత్రం కాదు. మరపు వల్ల జరిగే పొరపాటు అప్పుడప్పుడే జరుగుతుంది, గడిలో సర్దుకున్న పొరపాటు రోజూ జరుగుతుంది.

డబ్బా వాడాక నా జ్ఞాపకశక్తే మెరుగుపడిందని కేంద్రంలో వరుసలో కూర్చున్నవారికి అప్పట్లో చాలాసార్లు చెప్పాను. ఇప్పుడు ఆ మాటను కొంత వెనక్కి తీసుకోవాలి. మరపు గురించి చెప్పినప్పుడు వైద్యురాలు వెంటనే హెచ్‌ఐవీ మీదికి నెట్టివేయకుండా రక్తపోటు, బీ12, నిద్ర, దిగులు అన్నీ విచారించారు. రక్తపోటు 150కి పైనే ఉంది, బీ12 తక్కువగా ఉంది. వాటికి మందు పడి, సాయంత్రం నడక అలవాటై, నిద్ర కుదిరిన తరువాతే తల తేలికైంది. ఆ మాత్రలను తప్పకుండా వేయించిన మేరకే డబ్బాకు వాటా ఉంది.

మిగిలినవి చిన్న విషయాలు. మూతల మీది అక్షరాలు ఏడాదికే చెరిగిపోయాయి. సీసాలో తేమను పీల్చే పొట్లం ఉంటుంది, డబ్బాలో ఉండదు కాబట్టి వానాకాలంలోనే కాదు, ఏ కాలంలోనూ వారానికి మించి నింపను.

రోజుకు ఒక్క టీఎల్‌డీ మాత్రే వేసుకునేవారికి, గుర్తు చేసే మనిషి ఇంట్లో ఉన్నవారికి ఇది అవసరమని అనలేను. క్యాలెండరు మీద ఒక గీత చాలు. ఒంటరిగా ఉంటూ నాలుగు రకాల మందులు వాడే నాకు మాత్రం ఇది లేకపోతే గడవదు. క్యాల్షియం ఇప్పుడు రాత్రి భోజనం తరువాతి గడిలోకి మారింది. మాత్రలన్నింటి పేర్లూ రాసిన చీటీని మూత లోపల అంటించాను, అందులో టీఎల్‌డీ పేరు కూడా ఉంది. మోకాళ్ల వైద్యుని దగ్గరకు మళ్లీ వెళ్లినప్పుడు ఆ చీటీనే చూపించాను. చుట్టాలు వచ్చినప్పుడు మాత్రం డబ్బాను ఇప్పటికీ బీరువాలోనే పెడుతున్నాను.