తీగ మీటే పాప్ పాటలు: ఏడేళ్లు విన్నాక

ఏడేళ్ల కిందటి మాట. ఒక రాత్రి ఏదో పని చేసుకుంటున్నాను, పాటలు వాటంతట అవే ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి. మధ్యలో ఒక పాట మొదలైంది. అది గిటారూ కాదు, పియానో కూడా కాదు. గాజుపూసలు గచ్చు మీద రాలినట్టు సన్నగా, గలగలమంటూ ఏదో వాద్యం, దాని వెంటే వయొలిన్లు. పని పక్కన పెట్టి పేరు చూశాను. ‘వాక్ అవే రెనే’. లెఫ్ట్ బ్యాంక్ అనే న్యూయార్క్ బృందం 1966లో విడుదల చేసిన పాట. ఆ రాత్రి దాన్ని ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

ఆ వాద్యం పేరు హార్ప్సికార్డ్ అనీ, ఇలాంటి పాటల్ని 17, 18వ శతాబ్దాల యూరప్ సంగీత శైలి బరోక్ పేరు మీద బరోక్ పాప్ అంటారనీ తర్వాత తెలిసింది. అప్పటి నుంచి ఇవి వినకుండా గడిచిన వారం దాదాపు లేదు. కొన్ని వినీ వినీ అరిగిపోయాయి. కొన్ని మాత్రం మొదటి రోజు ఎలా ఉన్నాయో ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఈ తేడా ఎక్కడ వస్తోందో ఇన్నాళ్లకు నాకు కొంత అర్థమైంది, అందుకే రాస్తున్నాను.

ముందు వాద్యం సంగతి. చూడటానికి పియానోలాగే ఉంటుంది, లోపల జరిగే పని మాత్రం వేరు. పియానోలో మెట్టు నొక్కితే చిన్న సుత్తి వచ్చి తీగను కొడుతుంది. హార్ప్సికార్డ్‌లో మెట్టు నొక్కితే ఒక సన్నటి చెక్కముక్క పైకి లేస్తుంది, దాని పక్కకు పొడుచుకొచ్చిన చిన్న ములుకు తీగను మీటుతుంది. పాతరోజుల్లో ఆ ములుకును పక్షి ఈక కాడతో చేసేవారు. కొట్టడం కాదు, మీటడం. అందుకే మెత్తగా నొక్కినా గట్టిగా నొక్కినా శబ్దం ఇంచుమించు ఒకే బలంతో వస్తుంది. ఈ పరిమితి దాటడానికే 1700 ప్రాంతంలో బార్తొలొమెయో క్రిస్తొఫొరి పియానో తయారు చేశాడు. ఆయన స్వయంగా హార్ప్సికార్డులు చేసే పనివాడే. 18వ శతాబ్దం ముగిసేసరికి పియానో దాని చోటు ఆక్రమించేసింది.

పాప్ పాటలో ఆ లోపమే బలమైంది. గాయకుడి గొంతు వణుకుతుంది, వయొలిన్లు ఉప్పొంగుతాయి, హార్ప్సికార్డ్ మాత్రం అదే బలంతో నడుస్తూ పోతుంది. లోపల ఎంత ఉన్నా ముఖంలో కనపడనివ్వని మనిషి పక్కన కూర్చున్నట్టు ఉంటుంది. నా దగ్గర నిలిచిన పాటలన్నిటిలోనూ ఆ బిగువు ఉంది. అరిగిపోయినవాటిలో లేదు.

‘వాక్ అవే రెనే’నే తీసుకోండి. దాన్ని రాసినవాళ్లలో ఒకడు, అందులో హార్ప్సికార్డ్ వాయించినవాడు మైకేల్ బ్రౌన్. అప్పటికి అతని వయసు పదహారు. తండ్రి హ్యారీ లుకోఫ్‌స్కీ వయొలిన్ విద్వాంసుడు, ఆ రికార్డు వెనక ఉన్నది ఆయనే. అమెరికా చార్టుల్లో 5వ స్థానం దాకా వెళ్లింది. మొదట్లో నేను పాడే గొంతునే విన్నాను. ఏడాది తర్వాత బేస్, అంటే అడుగున పలికే మంద్ర స్వరం, వినపడింది: చరణంలో అది మెట్టు మెట్టుగా కిందికి దిగుతుంటే, పైన రాగం దిగనంటూ పట్టుకుని ఉంటుంది. విడిచి వెళ్లమంటూనే వెళ్లలేకపోవడం అక్కడే ఉంది, మాటల్లో అంతగా లేదు. మధ్యలో వచ్చే ఫ్లూట్ నాకు ఇప్పటికీ ఊపిరి తీసుకునే చోటు.

బీటిల్స్ విషయంలో చాలాకాలం పొరబడ్డాను. ‘ఇన్ మై లైఫ్’ మధ్యలో వచ్చే ముక్క హార్ప్సికార్డే అనుకున్నాను. అది పియానో. నిర్మాత జార్జ్ మార్టిన్ టేపును సగం వేగంతో తిప్పుతూ వాయించాడు. తర్వాత మామూలు వేగంతో వినిపిస్తే స్వరం ఒక స్థాయి పైకెళ్లి, నాదం పొట్టిదై, మీటినట్టు వినపడింది. ఇది తెలిశాక ఆ పాట మీద ఇష్టం ఇంకా పెరిగింది. 1965లో చేతిలో ఉన్న టేపు మిషన్‌తోనే రెండు వందల ఏళ్ల కిందటి నాదం పుట్టించారు! ఆ మరుసటి ఏడాది వచ్చిన ‘ఎలినార్ రిగ్బీ’లో నలుగురు బీటిల్స్‌లో ఒక్కరూ వాద్యం ముట్టుకోలేదు. నాలుగు వయొలిన్లు, వాటికంటే కాస్త పెద్దవైన రెండు వయోలాలు, ఇంకా పెద్దవైన రెండు చెల్లోలు, అంతే. ఆ తీగలు తియ్యగా ఉండవు, కోసినట్టుంటాయి. వయొలిన్లంటే కరిగించడానికే అనుకునేవాళ్లు ఒక్కసారి ఇది వినాలి.

ఇక్కడే ఒక జాగ్రత్త. అరవైల నాటి స్టీరియో మిక్సుల్లో గొంతు ఒక పక్కకే నెట్టేసి ఉండటం మామూలు. ‘ఎలినార్ రిగ్బీ’ పాత స్టీరియోలో చరణాలన్నీ కుడి చెవిలోనే వినపడతాయి. ఒక్క ఇయర్‌ఫోన్ ఎడమ చెవిలో పెట్టుకుని వింటే పాడేవాడు మాయమైపోతాడు. రెండు చెవుల్లోనూ ఒకే శబ్దం వినిపించే మోనో మిక్స్ దొరికితే ముందు అదే వినండి. నేను మొదట్లో కొన్న ఒక సంకలనంలో శబ్దాన్ని మరీ పదును పెట్టేశారు. హార్ప్సికార్డ్ రేకు డబ్బా మీద గీసినట్టు వినిపించేది. ఇలాంటి పాటలే నాకు పడవేమో అని కొన్నాళ్లు వదిలేశాను కూడా. తప్పు పాటలది కాదు. ఇప్పుడు హెడ్‌ఫోన్లలో ట్రెబుల్ (పై స్థాయి శబ్దాల పాలు) కొంచెం తగ్గించుకుని వింటాను, మీటిన వెంటనే తీగ పలికే ఆ చిన్న గరుకుదనం అప్పుడే చక్కగా అందుతుంది.

అరిగిపోయినవాటి గురించి ఎక్కువ చెప్పను. 1967 తర్వాత చాలా బృందాలు పాటకు అవసరం ఉన్నా లేకపోయినా వయొలిన్లు కుమ్మరించాయి. మొదటిసారి గొప్పగా ఉంటాయి, పదోసారికి పాకం ఎక్కువైన మిఠాయిలా మొహం మొత్తుతుంది. పాట ఎముకల్లోనే లేని విషాదాన్ని ఆర్కెస్ట్రా తెచ్చిపెట్టలేదు.

దానికి ఎదురుగా జాంబీస్ బృందం ఆల్బమ్ ‘ఒడెస్సీ అండ్ ఒరాకిల్’ని పెడతాను. చాలాచోట్ల ఆర్కెస్ట్రా బదులు మెలోట్రాన్ వాడారు. ఒక్కో మెట్టు కింద వాద్యాల శబ్దం రికార్డు చేసిన ఒక్కో టేపు ముక్క ఉండే వాద్యం అది. అసలు వయొలిన్ల నిండుతనం దానికి లేదు, కాస్త మసకగా, దూరంగా పలుకుతుంది. ఆ మసకే ఆ పాటలకు సరిపోయింది. 1968లో ఆల్బమ్ బయటికి వచ్చేసరికి బృందం విడిపోయింది. పేరులో ‘Odyssey’ బదులు ‘Odessey’ అని పడిన అక్షర దోషం అట్ట మీద అలాగే ఉండిపోయింది. నేను మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా వినే ఆల్బమ్‌లు కొన్నే, అందులో ఇది ముందుంటుంది.

హార్ప్సికార్డ్ అరవైలతోనే పోలేదు. స్ట్రాంగ్లర్స్ అనే బృందం హార్ప్సికార్డ్‌తో చేసిన పాట ‘గోల్డెన్ బ్రౌన్’ 1982లో బ్రిటన్ చార్టుల్లో 2వ స్థానానికి వెళ్లింది. దాని ఆరంభానికి వేళ్ల మీద తాళం వేసి చూడండి: మూడు, మూడు, మూడు, నాలుగు. మొత్తం పదమూడు దెబ్బలు. మూడు దెబ్బల తాళం మీద నడిచే వాల్ట్జ్ నాట్యంలా ఊగుతూ ఉంటే చివర ఒక దెబ్బ ఎక్కువై కాలు తడబడుతుంది. నాకు ఆ లెక్క చేతికి ఎక్కడానికి వారం పట్టింది, ఎక్కాక ఇక వదల్లేదు. 1996లో గాయని టోరి ఏమస్ ‘బాయ్స్ ఫర్ పెలే’ ఆల్బమ్‌లో ఇదే వాద్యాన్ని కోపంగా, గరుగ్గా వాయించింది. అది ముద్దుముద్దుగా పలికే వాద్యమనే నా అభిప్రాయం అక్కడ పోయింది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎక్కడి నుంచి వినాలని నన్ను అడిగితే ఒకే పాట చెబుతాను: బీచ్ బాయ్స్ 1966లో చేసిన ‘గాడ్ ఓన్లీ నోస్’. మొదట ఫ్రెంచ్ హార్న్ వస్తుంది. హార్ప్సికార్డ్, అకార్డియన్ వేటికవి విడిగా కాక ఒకే రంగులో కలిసిపోయి ఉంటాయి, అందుకే మొదటిసారికి పట్టుకోలేరు, ఫరవాలేదు. చివర్లో గొంతులు ఒకదాని వెనక ఒకటి అందుకుంటూ సుడి తిరుగుతాయి, శబ్దం మెల్లగా తగ్గుతూ పోతుంది. అక్కడ తర్వాతి పాటకు వెళ్లిపోకండి. చివరి గొంతు పూర్తిగా వినపడకుండా పోయేదాకా ఉండండి.