కిక్ లేని పాత బండితో అరకు, పాడేరు, లంబసింగి

కిక్ రాడ్ లేని పాత మోటారుసైకిల్ మీద మన్యం కొండలకు వెళ్లేవాళ్లు గది అద్దె కంటే ముందు రెండు సంగతులు కనుక్కోవాలి. బండి నిలిపే చోటు కాస్త వాలుగా ఉందా? సెల్ఫ్ మోటారు, అంటే బటన్ నొక్కితే ఇంజిన్‌ను తిప్పే స్టార్టర్ మోటారు, విప్పి చూడగలిగిన ఎలక్ట్రీషియన్ దగ్గరలో ఉన్నాడా? ఈ డిసెంబరు ప్రయాణంలో నేను అరకునూ, పాడేరునూ, లంబసింగినీ అలాగే బేరీజు వేసుకోవలసి వచ్చింది. అందాల పోటీ పెడితే ఎవరి ఇష్టం వారిది. పాత బండివాడికి మాత్రం పాడేరే పెద్ద దిక్కు.

నాది 220 సీసీ కార్బురేటర్ బండి, చాలా ఏళ్ల కిందటిది. బటన్ నొక్కితేనో, వాలులో దొర్లిస్తేనో తప్ప స్టార్టయ్యే దారి లేదు. తోడుగా మా బావమరిది కొత్త 110 సీసీ బండి మీద వచ్చాడు. విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట మీదుగా అరకు సుమారు 115 కిలోమీటర్లు. ఎస్.కోట దాటాక ఘాట్ మొదలవుతుంది. అనంతగిరి దగ్గర కాఫీ తోటల్లో పండ్లు ఎర్రగా ఉన్నాయి, కోత నడుస్తోంది. గాలికొండ దగ్గర బండి ఆపి మళ్లీ బటన్ నొక్కితే ఒక్క పిలుపుకే పలికింది.

అరకులో శనివారం రాత్రి గది దొరకడమే కష్టం. పర్యాటక శాఖ హరిత రిసార్టు నిండిపోయింది. ఊళ్లోనే ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి. కానీ పార్కింగ్ నేలమాళిగలో ఉంది, అక్కడి నుంచి రోడ్డు మీదకు నిటారుగా ఎక్కాలి. తెల్లవారి బటన్ నొక్కితే 'టక్' అని ఒక్క చప్పుడు వచ్చింది, అంతే. ఇంజిన్ కదల్లేదు. "బ్యాటరీ డౌన్ అయింది బావా, ఛార్జింగ్‌కి ఇద్దాం" అన్నాడు మావాడు. లాడ్జి పిల్లలూ అదే అన్నారు. దారిలో సెల్ఫ్ మొరాయిస్తే ఎవరైనా ముందు అనేమాట అదే, అందుకే దీని గురించి కాస్త వివరంగా రాస్తున్నాను.

బటన్ నొక్కినప్పుడు చెవి మోటారు మీద, కన్ను హెడ్‌లైట్ మీద ఉండాలి. 'టకటకటక' అని వరుసగా కొట్టుకుంటూ లైటు బాగా మసకబారితే బ్యాటరీలో పస లేదు, లేదా దాని టెర్మినళ్లు వదులయ్యాయి. ఏ చప్పుడూ లేకపోతే ఇంజిన్ ఆపే కిల్ స్విచ్, క్లచ్ లివర్ కింది స్విచ్, ఫ్యూజు, బటన్ వరుసగా చూసుకోవాలి. మోటారు 'జుయ్యి'మని తిరుగుతూ ఇంజిన్ కదలకపోతే మోటారు తిప్పుడును ఇంజిన్‌కు అందించే వన్‌వే క్లచ్ లోపల జారుతోంది, అది రోడ్డు పక్కన అయ్యే పని కాదు. ఒక్కటే టక్‌మని లైటు పూర్తిగా కుంగిపోతే మోటారో ఇంజినో బిగుసుకుపోయి ఉండవచ్చు. అలాంటప్పుడు స్పార్క్ ప్లగ్గు తీసి, టాప్ గేరులో వేసి వెనక చక్రం తిప్పి చూడాలి. ఇంజిన్ తేలిగ్గా తిరిగితే అనుమానం మోటారు మీదికి మళ్లుతుంది.

నా బండిలో టక్ ఒక్కటే వచ్చింది, లైటు మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. అంటే బటన్ నొక్కగానే బ్యాటరీని మోటారుకు కలిపే రిలే పని చేయబోయింది గానీ మోటారులోంచి కరెంటు పారడం లేదు. బ్యాటరీ మంచిదే. మీటరు పెడితే 12.6 వోల్టులు చూపించింది. ఇక మిగిలినవి రిలే లోపలి పాయింట్లు, మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు. ఈ రెంటిలో ఏదో తేల్చడానికి బండిని న్యూట్రల్‌లో పెట్టి, రిలే మీది రెండు లావు బోల్టులనూ ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌తో ఒక్క క్షణం కలిపాను. రిలే చెడితే అప్పుడు మోటారు తిరగాలి, తిరగలేదు. ఇలా కలిపేటప్పుడు నిప్పురవ్వలు వస్తాయి కాబట్టి పెట్రోలు వాసన ఉన్న చోట ఈ పని చేయకూడదు. తర్వాత సెల్ఫ్ మోటారు ఒంటి మీద స్పానర్ పిడితో మెల్లగా నాలుగు తట్లు తట్టి బటన్ నొక్కితే ఇంజిన్ తిరిగింది. బ్రష్‌లు అరిగి హోల్డర్‌లో ఇరుక్కుపోయాయన్నమాట. తట్టినప్పుడు అవి కాస్త జారి, మోటారులో తిరిగే రాగి పట్టీల చుట్టుకు, అంటే కమ్యుటేటర్‌కు, తగులుతాయి, మళ్లీ ఎప్పుడు ఇరుక్కుంటాయో చెప్పలేం.

అరకు మెకానిక్ ఆదివారం ఉదయమే షెడ్డు తీసి మర్యాదగా మాట్లాడాడు. కానీ అతని దగ్గర ఉన్నవన్నీ 100 సీసీ బండ్ల సామానులే. "మోటారు విప్పితే సామాను కోసం వైజాగ్ పంపాలి సార్, పాడేరులో అయితే జీపుల ఎలక్ట్రికల్ పని చేసేవాళ్లున్నారు" అని ఉన్నమాట చెప్పాడు, డబ్బు తీసుకోలేదు. ఫోనులో ఒక పెద్ద సర్వీస్ సెంటరును అడిగితే, బండిని చూడకుండానే కొత్త స్టార్టర్ మోటారు వేయించుకోమన్నారు, అది వచ్చేందుకు వారం పడుతుందన్నారు. ఈ రెండు జవాబుల్లో నేను దేనికి విలువ ఇచ్చానో వేరే చెప్పనక్కర్లేదు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనికుల కోసం కూరగాయలు పండించిన పద్మాపురం తోటనూ, గిరిజన మ్యూజియాన్నీ నడిచే చూశాం. మ్యూజియానికి ఎక్కువ సమయం ఇవ్వండి. పాడేరు దారిలో చాపరాయి దగ్గర బండిని ఎత్తుగా ఉన్న గట్టు మీద, ముందు చక్రం దిగువకు ఉండేలా నిలిపాను. నీళ్లు పలకరాళ్ల మీదుగా జారుతుంటే పక్కనే బొంగులో చికెన్ కాలుస్తున్నారు. తిరిగి వచ్చాక ఇగ్నిషన్ వేసి, రెండో గేరులో క్లచ్ పట్టి, వాలులో వేగం అందుకున్నాక వదిలితే బండి అందుకుంది. మొదటి గేరులో వేస్తే వెనక చక్రం పట్టేసి జారుతుంది, అందుకే రెండో గేరే మంచిది.

పాడేరులో బస్టాండు దగ్గరి మామూలు లాడ్జిలో గది తీసుకున్నాం. అరకు గదితో పోలిస్తే చిన్నది, పక్క దుప్పటి పలుచన. అయినా అద్దె దాదాపు సగం, బండి రోడ్డు పక్కనే ఉంటుంది, నడిచి వెళ్లే దూరంలో జీపులు, ఆటోలు బాగుచేసే షెడ్లున్నాయి. అక్కడి ఎలక్ట్రీషియన్ పెద్దాయన లక్షణం విని, ఇంకేమీ అడక్కుండా ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీశాడు. పని తెలిసినవాడని నాకు అప్పుడే ధైర్యం వచ్చింది.

మోటారు విప్పగానే లోపల నల్లటి ముద్ద కనిపించింది. ఇంజిన్ వైపు ఆయిలును ఆపే రబ్బరు ఓ-రింగు గట్టిపడి ఆయిలు లోపలికి చేరింది, కార్బన్ పొడి దానితో కలిసి బ్రష్‌లను పట్టేసింది. పెట్రోలుతో కడిగి, కమ్యుటేటర్‌ను సన్నటి గరుకు కాగితంతో మెరిసేలా రుద్ది, రాగి పట్టీల మధ్య గాళ్లను విరిగిన హాక్సా బ్లేడు ముక్కతో గీకాడు. సరిపడే బ్రష్‌లు లేక, కాస్త పెద్దవి తెచ్చి అరగదీసి అమర్చాడు. "హోల్డర్‌లో ఇది తేలిగ్గా ఆడాలి బాబూ, బిగుతైతే మళ్లీ ఇదే కథ" అంటూ ప్రతి బ్రష్‌నూ వేలితో నొక్కి వదిలి చూపించాడు. కొత్త ఓ-రింగు, బ్రష్‌లు, మధ్యాహ్నమంతా చేసిన పని కలిపి 600 రూపాయలు తీసుకున్నాడు. ఆ చేతికి అది చాలా తక్కువ.

మర్నాడు చీకటితోనే వంజంగి కొండకు బయలుదేరాం. బండి ఒక్క నొక్కుకే లేచింది. మేఘాలు కాళ్ల కింద పరుచుకునే ఆ కొండ గురించి అందరూ రాస్తున్నారు కాబట్టి ఆపేస్తాను. సెలవు రోజుల్లో మాత్రం వద్దు, బండి నిలపడానికి చోటుండదు.

జి.మాడుగుల మీదుగా చింతపల్లి చేరాం. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం ఆయుధాల కోసం పోలీస్ స్టేషన్ మీద దాడి చేసిన ఊరది. ఇప్పుడు పాడేరు కేంద్రంగా ఉన్న జిల్లాకు ఆయన పేరే పెట్టారు. ఆ దారిలో ఒక్కసారైనా ఆగకుండా పోవడానికి నాకు మనసొప్పదు.

లంబసింగిలో గుడారంలో పడుకున్నాం. తాజంగి జలాశయం మీద పొగమంచు కోసం ఆ చలిని ఓర్చుకోవచ్చు. కానీ గుడారానికి అడిగిన ధర పాడేరు గదికి రెట్టింపు, మరుగుదొడ్డి దూరం, బండ్లన్నీ మంచులో తడుస్తూ పొలంలో ఉన్నాయి. తెల్లవారి నా బండి 'టకటక'మంది, లైటు కుంగింది. ఇది వేరే జబ్బు. చలికి బ్యాటరీ శక్తి తగ్గుతుంది, ఆయిలు చిక్కబడి ఇంజిన్ బరువెక్కుతుంది. 2017 ఏప్రిల్ తర్వాతి బండ్లకు హెడ్‌లైట్ ఆపే స్విచ్ ఉండదు, మన పాత బండికి ఉంటుంది. లైటు ఆపి, చోక్ లాగి, క్లచ్ పూర్తిగా పట్టుకుని, రెండు ప్రయత్నాల మధ్య అర నిమిషం ఆగాను. బటన్‌ను అదేపనిగా నొక్కి ఉంచితే ఉన్న కాస్త బ్యాటరీ పోతుంది, మోటారు కూడా కాలిపోవచ్చు. కాసేపటికి స్టార్టయింది.

పాత బండితో వెళ్లేవాళ్లు రెండు రాత్రులూ పాడేరులోనే ఉండి, అరకునూ లంబసింగినీ పగటిపూట చూసి రావడం మేలు. సంచిలో వోల్టులు చూసే చిన్న మీటరు, ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్, 10, 12 నంబర్ల స్పానర్లు, రెండు ఫ్యూజులు ఉంటే చాలు. నర్సీపట్నం వైపు దిగే ఘాట్‌లో మలుపులు బిగువుగా ఉంటాయి, పొగమంచు విడిచాకే దిగండి.