స్నాప్‌రెయిడ్ రివ్యూ: డిస్క్ పోయాక ఏం తిరిగొచ్చింది, ఏం రాలేదు

స్నాప్‌రెయిడ్ (కొన్ని డిస్కుల్లో ఒకటి పోతే అందులోని ఫైళ్ళు తిరిగి తెచ్చుకోవడానికి వాడే సాఫ్ట్‌వేర్) ఫ్రీ, పెట్టుకోవడం ఈజీ, బాగుంటుంది అని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ నిజంగా ఒక డిస్క్ పోయినప్పుడు దాంతో ఎలా ఉంటుందో వివరంగా రాసినవాళ్ళు నాకు పెద్దగా కనబడలేదు, అందుకే ఇది రాస్తున్నా. ఇంట్లో సర్వర్‌లో మూడేళ్ళుగా వాడుతున్నా. నాలుగు డేటా డిస్కులు, ఒక పారిటీ డిస్కు (పోయినవాటిని తిరిగి లెక్కగట్టడానికి కావాల్సింది ఇందులో ఉంటుంది), అన్నీ 4 టీబీవే, పైన మెర్జర్‌ఎఫ్‌ఎస్ పెట్టి నాలుగూ కలిపి ఒకే ఫోల్డర్‌లా కనబడేట్టు చేసుకున్నా. పోయిన నెల రెండో డిస్కు పోయింది. అందులో దాదాపు 2.9 టీబీ ఉంది, ఫొటోలు, ఇంట్లో ఫంక్షన్ల వీడియోలు, అన్నిటికంటే ముఖ్యంగా అమ్మమ్మ కూర్చోబెట్టి చెప్పిన పాత కబుర్ల ఆడియో రికార్డింగులు. ఆవిడ ఇప్పుడు లేరు. అవి పోతే మళ్ళీ రావు.

డిస్కు ఉన్నట్టుండి ఏమీ చావలేదు. స్మార్ట్ రిపోర్టులో (డిస్కు తన ఆరోగ్యం గురించి తనే ఇచ్చే లెక్కలు) 197వ నంబరు లైను, అంటే చదవడానికి మొరాయిస్తున్న సెక్టార్ల లెక్క, సున్నా ఉండేది 8 అయింది, వారం తిరక్కుండా 160 దాటింది. ముందు కేబుల్ అనుకుని మార్చా, కానీ కేబుల్ సమస్యయితే సాధారణంగా పెరిగేది 199వ లైను, అది కదల్లేదు. 197, 198 పెరుగుతున్నాయంటే అనుమానించాల్సింది డిస్కునే. స్నాప్‌రెయిడ్‌లోనే స్మార్ట్ అనే కమాండ్ ఉంది, ఒక్కో డిస్కూ ఏడాదిలోపు పోయే అవకాశం ఎంతో శాతంలో చూపిస్తుంది, అది నేను నెలకోసారైనా చూసి ఉంటే వారం ముందే కొత్త డిస్కు చేతిలో ఉండేది. నాలుగో రోజు పొద్దున టక్ టక్ మని చప్పుడు, ఆ తర్వాత మౌంట్ కూడా అవ్వలేదు.

ఇక్కడ నాకు మొదట ఊరటనిచ్చింది ఏంటంటే మిగతా మూడు డిస్కులకీ ఏమీ కాలేదు. స్నాప్‌రెయిడ్‌లో డేటా ముక్కలు చేసి అన్ని డిస్కుల మీదా పరచదు, ప్రతి డిస్కూ మామూలు ఫైల్ సిస్టమ్‌తో దానంతట అది బతుకుతుంది, పీకి వేరే కంప్యూటర్‌కి తగిలించినా ఫైళ్ళు చదువుకోవచ్చు. అలా ముక్కలుగా పరిచే రెయిడ్ 5 పద్ధతిలో అయితే పోయిన డిస్కుని రీబిల్డ్ చేస్తుండగా ఇంకోటి పోతే అన్ని డిస్కుల్లోని డేటా పోయినట్టే, ఇందులో అలాంటి పరిస్థితొచ్చినా పోయేది ఆ రెండు డిస్కుల్లో ఉన్నవే. ఆ రోజు నేను కంగారు పడకుండా నింపాదిగా మాన్యువల్ చదవగలిగానంటే కారణం అదే.

డిస్కు పోగానే చేయాల్సిన మొదటి పని ఆటోమేటిక్‌గా నడిచేట్టు పెట్టుకున్న సింక్ ఏదైనా ఉంటే ఆపేయడం. సింక్ అంటే ఇప్పుడున్న స్థితిని పారిటీలో రాసుకోవడం, డిస్కు ఖాళీగా కనబడుతున్నప్పుడు సింక్ పూర్తయితే ఆ ఖాళీనే నిజం అని రాసుకుంటుంది, ఇక వెనక్కి తెచ్చుకోవడానికి ఏమీ మిగలదు. అదృష్టం కొద్దీ దీన్ని రాసినాయన ముందే ఆలోచించి పెట్టాడు, ఒక డిస్కులో ఫైళ్ళన్నీ మాయమైతే సింక్ దానంతట అది ఆగిపోతుంది, ఫోర్స్ ఎంప్టీ అనే ఆప్షన్ మనం చేత్తో ఇస్తేనే ముందుకెళ్తుంది. ఎర్రర్ వచ్చింది కదా అని ఆ ఆప్షన్ మాత్రం ఇవ్వకండి దయచేసి.

కొత్త డిస్కుకి ముందు లాంగ్ టెస్ట్ (డిస్కు మొత్తాన్నీ చదివి చూసే పరీక్ష) నడిపి, ఫార్మాట్ చేసి, కాన్ఫిగ్ ఫైల్లో రెండో డిస్కు లైన్లో పాత దారి తీసేసి కొత్త దారి రాశా, డిస్కు పేరు మాత్రం పాతదే ఉంచాలి. నాకు దొరికింది 8 టీబీ డిస్కు. పారిటీ డిస్కు అన్ని డేటా డిస్కులకంటే పెద్దదో సమానమో అయుండాలి కాబట్టి ఇప్పటికి దాంట్లో 4 టీబీ మేరకే పనికొస్తుంది, రికవరీకి అదేమీ అడ్డు కాదు. తర్వాత పోయిన ఫైళ్ళు తిరిగి తెచ్చే ఫిక్స్ కమాండ్, డిస్కు పేరూ లాగ్ ఫైలు పేరూ ఇచ్చి రాత్రి తొమ్మిదింటికి మొదలుపెట్టా, మర్నాడు మధ్యాహ్నం పన్నెండయింది. అమ్మమ్మ ఫోల్డర్ పొద్దున్నకే వచ్చేసింది, మధ్యలోనే తెరిచి ఒక రికార్డింగ్ విన్నా.

చివర్లో లాగ్ చూస్తే 11 ఫైళ్ళు రాలేదు. వాటి పేర్ల చివర అన్‌రికవరబుల్ అని తగిలించి పెట్టింది. ఎందుకు రాలేదో అర్థం చేసుకోవడానికి నాకు ఒక పూట పట్టింది. నాలుగు డిస్కుల్లో ఒకే చోట ఉన్న ముక్కలు 4, 7, 2, 5 అనుకోండి, పారిటీలో 18 ఉంటుంది (అసలు లెక్క కూడిక కాదు, ఎక్స్‌ఆర్, కానీ సంగతి ఇదే). ఏడు పోతే 18 లోంచి మిగతావి తీసేసి ఏడుని తెచ్చుకోవచ్చు. కానీ ఈలోపు నేను నాలుగో డిస్కులో 5 ఉన్న ఫైలుని డిలీట్ చేసి ఉంటే రెండు తెలియనివి, లెక్క ఒకటి, ఎలా తేలుతుంది? నేను చేసింది సరిగ్గా అదే. చివరి సింక్ అయి నాలుగు రోజులైంది, మధ్యలో నాలుగో డిస్కులో జాగా కోసం ఒక పెద్ద ఫోల్డర్ తీసేశా. కొత్తగా ఫైళ్ళు చేర్చడం వల్ల పాతవాటి రికవరీకి నష్టం లేదు, డిలీట్ చేసినా మార్చినా మాత్రం ఇంకో డిస్కులో ఫైలుకి దెబ్బ తగులుతుంది. ఇక పోయిన డిస్కులోకే ఆ నాలుగు రోజుల్లో ఎక్కించినవి పారిటీలో ఉండవు కాబట్టి అసలే రావు, నావి ఫోన్‌లో ఇంకా ఉండటంతో సరిపోయింది.

ఈ సాఫ్ట్‌వేర్ మీద నాకు గౌరవం పెరిగింది మాత్రం ఈ తర్వాతి మెట్టులో. ఇంపోర్ట్ అని ఒక ఆప్షన్ ఉంది, సింక్ తర్వాత డిలీట్ చేసిన ఫైళ్ళు ఇంకెక్కడైనా ఉంటే ఆ ఫోల్డర్ చూపిస్తే చాలు, పేర్లు మారినా సరే పోల్చుకుని లెక్కలో వాడుకుంటుంది. నేను తీసేసిన ఫోల్డర్ ఒక పాత యూఎస్‌బీ డ్రైవ్‌లో ఉంది, దాన్ని చూపించి ఫిక్స్ మళ్ళీ నడిపితే 11 లో 9 వచ్చేశాయి! మాన్యువల్‌లో ఇంత ముఖ్యమైన విషయం ఆప్షన్ల జాబితాలో ఎక్కడో రెండు లైన్లలో ఉండటం ఏం బాలేదు, డిస్కు పోయినప్పుడు చదివే భాగంలోనే పెద్దగా రాయాల్సింది.

ఆ తర్వాత చెక్ కమాండ్‌ని ఆడిట్ ఆప్షన్‌తో నడిపా, తిరిగొచ్చిన ప్రతి ఫైలునీ దాచుకున్న చెక్‌సమ్‌తో (ఫైలుకి వేలిముద్ర లాంటి అంకె) పోల్చి చూస్తుంది, అంతా సరిగ్గా ఉందని తేలాకే సింక్ చేశా. ఈ చెక్‌సమ్‌లన్నీ ఉండేది కంటెంట్ ఫైల్లో, అది పోతే పారిటీ ఉన్నా లాభం లేదు, అందుకే కనీసం పారిటీ డిస్కుల సంఖ్యకి ఒకటి కలిపి అన్ని కాపీలు వేర్వేరు డిస్కుల్లో ఉంచమంటారు. నాకు మూడు ఉన్నాయి.

నచ్చనివి కూడా చెప్పాలి. ఫైళ్ళు వస్తాయి, తేదీలు వస్తాయి, కానీ ఓనరు, పర్మిషన్లు రావు, ఇంట్లో ఎవరికీ ఫోల్డర్లు తెరుచుకోక నేను మళ్ళీ అన్నిటికీ పెట్టుకుంటూ కూర్చున్నా. డిస్కు చెడిపోతోందని దానంతట అది మెయిల్ పంపదు, స్క్రిప్టు మనమే రాసుకోవాలి. ఫిక్స్ అయ్యేదాకా ఆ డిస్కులో ఫైళ్ళు ఎవరికీ అందవు. రోజంతా మారుతుండే డేటాబేస్‌లు, వర్చువల్ మెషీన్లు ఉన్నవాళ్ళు దీని జోలికి రాకపోవడమే మంచిది, వాళ్ళకి మార్పుల్ని అప్పటికప్పుడే కాపాడే జెడ్‌ఎఫ్‌ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్ నయం. ఒకసారి పెట్టి ఏళ్ళ తరబడి ముట్టుకోని ఫొటోలు, వీడియోలకైతే నేను దీన్నే చెప్తా, అయిదుకి నాలుగున్నర ఇస్తా. అలాగని ఇది బ్యాకప్ కాదు, అమ్మమ్మ రికార్డింగులు ఇప్పుడు ఇంకో రెండు చోట్ల ఉన్నాయి.

ఇప్పుడు సింక్ ప్రతి రాత్రీ నడుస్తోంది, దానికి ముందు డిఫ్ (చివరి సింక్ తర్వాత ఏం మారిందో చూపించే కమాండ్) నడిపి యాభైకి మించి డిలీట్లు కనబడితే ఆగిపోయి నాకు మెసేజ్ పంపేట్టు రాసుకున్నా. వారానికోసారి స్క్రబ్ (డేటా ఎక్కడైనా పాడైందేమో చదివి చూడటం) కూడా, డీఫాల్ట్‌గా అది ఒక్కోసారి ఎనిమిది శాతమే చూస్తుంది, నేను ఇరవై పెట్టా. రాని ఆ రెండు ఫైళ్ళూ ఒకే పెళ్ళి వీడియోలో ముక్కలు, మా పిన్ని దగ్గర పాత డీవీడీ ఉందట, వచ్చే వారం తెస్తానంది.