14416కు ఫోనా, ఆశా కార్యకర్త ట్యాబా?

పల్లెలో మనసు బాగోని మనిషికి సాయం రెండు దారుల్లో అందొచ్చు. ఒకటి టెలీ మానస్, అంటే మానసిక ఆరోగ్యం కోసం 2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ హెల్ప్‌లైన్, 14416 నంబరు. రెండోది ఆశా కార్యకర్త ట్యాబ్‌తో ఇంటికొచ్చి అడగడం. పశ్చిమ గోదావరి పల్లెల్లో స్మార్ట్ మెంటల్ హెల్త్ ప్రాజెక్టు దీన్నే పరీక్షించి చూసింది.

ఖర్చు: 14416కు పైసా పడదు, కీప్యాడ్ ఫోన్ చాలు. ట్యాబ్‌కైతే పరికరం, శిక్షణ, ఆశాకు ఆ పనికిచ్చే డబ్బు ఎవరో ఒకరు భరించాలి.

శ్రమ: 14416కు బాధపడేవాళ్లో ఇంట్లోవాళ్లో తామే ఫోన్ చేయాలి. చిక్కంతా అక్కడే. "నిద్ర పట్టట్లేదు, ఒళ్లంతా నొప్పులు" అనే మనిషి అది దిగులని ఒప్పుకోడు, నంబరు నొక్కడు. ఆశా తనే వెళ్లి పీహెచ్‌క్యూ-9 అనే, దిగులు ఎంతుందో కొలిచే ప్రశ్నలు అడుగుతుంది: గత రెండు వారాల గురించి 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3. మొత్తం 27కి 10 గానీ ఆపైన గానీ వస్తే పీహెచ్‌సీ డాక్టరు చూడాలి.

ముప్పు: అత్తగారు పక్కనే కూర్చుంటే కోడలు అన్నిటికీ "లేదమ్మా" అంటుంది, స్కోరు సున్నా. అందుకే పెరట్లోకి తీసుకెళ్లి అడగాలి. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి ఔనంటే మొత్తం ఎంతున్నా ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోనైతే కాల్ లిస్టులో 14416 చెరిపేయాలి.

అర్ధరాత్రి చూపు పురుగుమందు డబ్బా మీదికి పోతుంటే 14416. పురుగుమందు తాగేసి ఉంటే 108, ఆలస్యం వద్దు. నెలల తరబడి ముభావంగా ఉన్నవాళ్లకూ, మందులు మధ్యలో మానేసేవాళ్లకూ ఆశానే.